ఉత్తర తెలంగాణ మొబైల్ షాపులకు, జిరాక్స్ సెంటర్లకు, మీసేవ నిర్వాహకులకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, కాజీపేటలోనూ, నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జమ్మికుంట లాంటి ఊళ్లలోనూ ఫోన్లు అమ్మే, బాగుచేసే, సిమ్‌లు ఇచ్చే, దరఖాస్తులు నింపే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

సైబర్ మోసాల గురించి ఉత్తరం రాసేవాళ్లు మామూలుగా పోలీసులకో బ్యాంకులకో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. మన దగ్గర ఫోన్‌తో ఏ ఇబ్బంది వచ్చినా మనిషి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడు, స్టేషన్‌కు పోడు. మీ షాపుకే వస్తాడు. "తమ్మీ, జర దీన్ని సూడు, ఏందో అడుగుతున్నది" అని ఫోన్ మీ చేతిలో పెడతాడు. అడగకముందే పాస్‌వర్డ్ కూడా చెప్పేస్తాడు. పల్లెలో జ్వరం వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినట్టు, ఫోన్‌కు ఏమైనా ముందు మీ దగ్గరికే. అంత నమ్మకం వాళ్లకు ఏ ఆఫీసు మీదా లేదు. అందుకే పోలీసులు ఎన్ని పోస్టర్లు వేసినా కాని పని, మీరు తలుచుకుంటే అవుతుందని నా నమ్మకం.

నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఇంట్లో ఎవరి డబ్బయినా పోతే పిల్లలు ఆ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అలా వచ్చిన ఫోన్లు విప్పి చూస్తే, చాలావాటిలో దొంగకు దారి ఫోన్ కొన్న రోజే తెరుచుకుని ఉంటుంది. కౌంటర్ మీద హడావుడిగా చేసిన సెట్టింగులే ఆ తర్వాత ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. కొన్న మనిషికి వాటిని మార్చడం రాదు. మార్చాలని కూడా తెలియదు.

అన్నిటికన్నా ముందు ఏపీకే ఫైళ్ల సంగతి, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ల సంగతి చెప్పాలి. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో, ఆఖరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా ఇవి వాట్సాప్‌లో వస్తున్నాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 2 లక్షల రూపాయల దాకా పంట రుణాలు మాఫీ చేసినప్పుడు, బ్యాంకుల లోగోలు పెట్టుకున్న నంబర్ల నుంచి ఇలాంటి ఫైళ్లు వస్తాయని, వాటిని నొక్కొద్దని పోలీసులు రైతులను హెచ్చరించాల్సి వచ్చింది. జనం చేతికి డబ్బు వచ్చే రోజులన్నీ ఈ దొంగలకు సీజనే.

అది ఎట్లా పనిచేస్తుందో మీలో చాలామందికి తెలుసు. తెలియని కొత్త పిల్లల కోసం చెప్తున్నాను. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేయబోతే ఆండ్రాయిడ్ అడ్డుపడుతుంది. కానీ వాట్సాప్‌కో, ఫైల్ మేనేజర్‌కో యాప్‌లు వేసే అనుమతి ముందే ఇచ్చి ఉంటే ఆ అడ్డు చాలావరకు పోయినట్టే. యాప్ లోపలికి వచ్చాక మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అది దొరికితే ఓటీపీలు సొంతదారు చూడకముందే దొంగకు చేరిపోతాయి. కొన్ని యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. చూపు సరిగా లేనివాళ్లకు, చేతులు ఆడనివాళ్లకు సాయంగా ఉండాలని పెట్టిన సెట్టింగు అది. దొంగ యాప్‌కు అది దొరికితే తెర మీద కనిపించేదంతా చదువుతుంది, మనిషి వేలు పెట్టినట్టే బటన్లు నొక్కుతుంది. ఐకాన్ మాయమవుతుంది కాబట్టి యాప్ పోయిందనుకుంటారు. ఆ తర్వాత అదే ఫైల్ ఆ ఫోన్ నుంచి చుట్టాలకూ పక్కాలకూ పోతుంది. మేనమామ నంబర్ నుంచి వచ్చిన పెళ్లి పత్రికను ఎవరు అనుమానిస్తారు?

ఇందులో రైతును తప్పుపట్టడం నాకు నచ్చదు. 2025 నుంచి కేంద్ర సర్కారు పత్తి సంస్థ సీసీఐకి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేయాలి. సర్కారు సంస్థే యాప్ వేసుకోమన్నప్పుడు, యాప్ వేసుకోమంటూ వచ్చిన ఇంకో మెసేజ్ కూడా సర్కారుదే అనుకోవడంలో వింత ఏముంది? ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడ్డ వారంలో అలాంటి ఫైల్ ఒక్కటి నొక్కితే ఏడాది కష్టం, దాని మీద పెట్టుకున్న అప్పుల లెక్క, ఆడపిల్ల పెళ్లి, అన్నీ ఒక్క పూటలో తలకిందులవుతాయి.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ఫోన్ అమ్మినా, బాగుచేసి ఇచ్చినా, సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి అన్నిటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. యాక్సెసిబిలిటీ జాబితా ఒకసారి తెరిచి, అక్కడ తెలియని పేరు ఉంటే కస్టమర్‌కు చూపించి తీసేయండి. షాపులోని ఫోన్ నుంచి యాప్‌లు షేర్ చేసి ఎక్కించే అలవాటు మానేయండి. కొత్త సినిమాలు, ఐపీఎల్ మ్యాచ్‌లు ఫ్రీగా చూపించే యాప్ వేయమని కస్టమరే అడుగుతాడు, నాకు తెలుసు. వేయకపోతే పక్క షాపుకు పోతాడన్న భయం మీకుంటుంది. అయినా వద్దనండి. "అన్నా, ఇది ప్లే స్టోర్ల లేదు, ఏస్తే నీ పైసలకే ముప్పు" అని మీరు చెప్తే వింటాడు. అదే మాట నేను చెప్తే వినడు.

రెండోది జీమెయిల్. కొత్త ఫోన్‌లో ప్లే స్టోర్ నడవాలంటే జీమెయిల్ కావాలి. కస్టమర్‌కు లేదు, వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అప్పుడు కొన్ని షాపుల్లో షాపు జీమెయిల్‌నే వేసి ఫోన్ ఇచ్చేస్తున్నారు. ఒకే ఖాతా పది మంది ఫోన్లలో ఉంటే ఒకరి కాంటాక్టులు ఇంకొకరి ఫోన్‌లో కనిపిస్తాయి. బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఒకింటి ఆడపిల్లల ఫొటోలు ఎవరెవరికో చేరతాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడగలడు, దూరం నుంచే దాన్ని లాక్ చేయగలడు, అందులోని సమస్తం చెరిపేయగలడు. మీ షాపులో పనిచేసి మానేసిన కుర్రాడికి కూడా ఆ పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది కదా. ఇంకొన్ని షాపుల్లో ఖాతా కస్టమర్ పేరు మీదే తెరుస్తారు కానీ రికవరీ నంబర్ షాపుది పెడతారు, పాస్‌వర్డ్ పేరు పక్కన 123. ఏ కాగితం మీదా రాసివ్వరు. రెండేళ్ల తర్వాత ఫోన్ పోతే చనిపోయిన తండ్రి ఫొటోలు కూడా దానితోనే పోతాయి.

ప్రతి మనిషికి తన నంబర్‌తో తన ఖాతా ఉండాలి. పాస్‌వర్డ్ వాళ్లే టైప్ చేయాలి. చదువు రానివాళ్లయితే ఇంట్లో నమ్మకమైన మనిషిని తోడు తెచ్చుకోమని చెప్పండి. చిన్న కార్డు మీద జీమెయిల్ అడ్రస్ రాసి ఇచ్చి, పాస్‌వర్డ్ ఇంటికెళ్లి విడిగా రాసుకొమ్మనండి. యూపీఐ పిన్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. పిన్ కొట్టే సమయంలో ఫోన్ వాళ్ల చేతికిచ్చి మీ ముఖం పక్కకు తిప్పుకోండి. 1234 పెడుతున్నానంటే ఒప్పుకోకండి. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదని, పిన్ కొట్టమంటే డబ్బు పోతున్నట్టేనని ఆ రోజే చెప్పండి. ఆ ఒక్క మాట వాళ్లకు చాలా ఏళ్లు పనికొస్తుంది.

సిమ్ కార్డుల దగ్గరికి వస్తే, మన ప్రాంతంలోనే జరిగిన ఒక కేసు గుర్తుచేయాలి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒక డీలర్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఆధార్ నంబర్లు కలిపి, అసలు మనుషులకు తెలియకుండా వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. కంపెనీ టార్గెట్ కోసం చేసిన పని అది. తమ పేరు మీద సిమ్ నడుస్తోందని ఆ మనుషులెవరికీ తెలియదు. అంత దూరం పోకపోయినా, "వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టు పెద్దమ్మా" అని రెండోసారి ముద్ర తీసుకుని రెండో సిమ్ తీసే పద్ధతి ఉందని మీకూ తెలుసు. ఆ రెండో సిమ్ ఎక్కడో కూర్చున్న దొంగ చేతికి పోతుంది. పోలీసులు వచ్చేది మాత్రం ఆ పెద్దమ్మ ఇంటికే. మోసం చేసి ఇంకొకరి పేరు మీద సిమ్ తీస్తే 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే నేను జైలు భయం పెట్టడానికి రాయడం లేదు. ఆ పెద్దమ్మ మీ దగ్గరికి ఎంత నమ్మకంతో వచ్చిందో తలుచుకోమంటున్నాను.

మీరు చేయగలిగిన మేలు కూడా ఇక్కడే ఉంది. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో ఒక మనిషి పేరు మీద ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో ఓటీపీతో చూసుకోవచ్చు, తమది కానిదాన్ని అక్కడే రిపోర్ట్ చేయొచ్చు. సిమ్ కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది చూపించండి. వేలిముద్రతో బ్యాంకు డబ్బు తీసే ఆధార్ చెల్లింపుల్లో ఓటీపీ ఉండదు కాబట్టి, అలా డబ్బు తీసుకునే అవసరం లేనివాళ్లకు ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసి ఇవ్వండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. లాక్ వేస్తే రేషన్ షాపులో, పింఛన్ దగ్గర కూడా వేలిముద్ర పనిచేయదు. అప్పుడు కాసేపు లాక్ తీయాలి. అది చెప్పకుండా వేసి పంపితే ముసలివాళ్లు రేషన్ షాపుకూ ఇంటికీ తిరుగుతారు.

ఇక జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్లవాళ్లకు. కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల, నయీంనగర్‌లో, హన్మకొండ చౌరస్తాలో నోటిఫికేషన్ పడిన వారం మీ ముందు ఎంత రద్దీ ఉంటుందో నేను చూస్తూనే ఉన్నాను. "ఈ నంబర్‌కు వాట్సాప్ చెయ్" అంటారు. ఆధార్, మార్కుల మెమో, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, సంతకం, ఫొటో అన్నీ వచ్చి మీ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో పడతాయి. ప్రింట్ తీసుకుని పిల్ల వెళ్లిపోతుంది. ఆమె కాగితాలు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటాయి. తర్వాత వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టినవాడు ఎవడైనా వాటిని కాపీ చేసుకోవచ్చు. ఒక మనిషి పేరు మీద లోన్ యాప్‌లో అప్పు తీయడానికో, దొంగ డబ్బు దాటించే ఖాతా తెరవడానికో ఇంతకంటే ఏం కావాలి?

పూట అయిపోయాక షాపు ఊడ్చినట్టే డౌన్‌లోడ్స్ ఖాళీ చేయండి, రీసైకిల్ బిన్‌తో సహా. షాపు ఫోన్‌లో వాట్సాప్ చాట్‌లకు డిసప్పియరింగ్ మెసేజెస్ 24 గంటలు పెట్టండి. తన వాట్సాప్ మీ కంప్యూటర్‌లో తెరిచిన మనిషి లేచేముందు, వాళ్ల ఫోన్‌లోనే లింక్డ్ డివైజెస్ తెరిచి లాగౌట్ చేయించండి. మెయిల్ తెరవాలంటే ఇన్‌కాగ్నిటోలోనే తెరవండి, 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా' అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. చెత్తబుట్టలో చెడిపోయిన ఆధార్ ప్రింట్లు వేయకండి, చింపేయండి. వాటిలోనే బజ్జీలు చుట్టి ఇవ్వడం మనందరం చూశాం. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికి వివరాలు తీసుకున్నారో ఆ పని తీరాక వాటిని చెరిపేయమనే చెప్తోంది.

మీ కంప్యూటర్ల గురించి కూడా ఒక మాట. చాలా సెంటర్లలో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకు కూడా అది సోకింది. దానికి విరుగుడు అప్‌డేట్ రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. క్రాక్ చేసిన విండోస్‌లో అప్‌డేట్లు ఆపేసి ఉంటాయి. ఆ కంప్యూటర్‌కు రోజుకు ఎందరి పెన్‌డ్రైవ్‌లు తగులుతున్నాయో మీరే చూస్తున్నారు.

రిపేరు చేసే తమ్ముళ్లూ, ఫోన్ వెనక స్టిక్కర్ మీద ప్యాటర్న్ గీసి పెట్టే పద్ధతి వదిలేయండి. డిస్‌ప్లే మార్చడానికి, చార్జింగ్ పిన్ వేయడానికి లాక్ తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. టచ్ చూడాలంటే కస్టమర్ వచ్చాక ఆయన చేతనే తీయించండి. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి పెడితే ఫోన్ పనిచేస్తుంది కానీ ఫొటోలు, మెసేజ్‌లు కనిపించవు. ఇది ముఖ్యంగా ఆడపిల్లల కోసం అడుగుతున్నాను. ఫోన్ చెడిపోయినా రిపేరుకు ఇవ్వడానికి భయపడి వాడకుండా పక్కన పెట్టేసే అమ్మాయిలు నా క్లాసులోనే ఉన్నారు. "మా దగ్గర లాక్ అడగం" అని మీరు బోర్డు పెడితే వాళ్లు ధైర్యంగా వస్తారు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ చూసుకుని, సంచార్ సాథీలో అది సరైనదో కాదో సరిచూడండి. మేడారం జాతరలో పోయిన ఫోన్ మీ షాపులో దొరికితే దొంగ ఎవరైనా చెడ్డపేరు వచ్చేది మీకే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. డబ్బు పోయిన మనిషి మొదట వచ్చేది కూడా మీ దగ్గరికే. ఏడుస్తూ వస్తాడు. మీరు జాలిపడి ఆ దొంగ యాప్ తీసేస్తారు, లేదా ఫోన్ మొత్తం రీసెట్ కొట్టి ఇస్తారు. ఆ మంచి మనసు వల్లే పోలీసులకు పనికొచ్చే ఆధారం పోతుంది, విలువైన గంట కూడా పోతుంది. దయచేసి అలా చేయకండి. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వెంటనే మీ ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. పోయిన మొత్తం, సమయం, ఖాతా నంబర్, ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర పెట్టుకుని ఆయనతో మాట్లాడించండి. భయంలో ఆయనకు మాట రాకపోతే పక్కనుండి అందించండి. ఆ కాల్‌తో డబ్బు ఏ ఖాతాకు చేరిందో ఆ బ్యాంకుకు సమాచారం పోతుంది. ఇంకా అక్కడే ఉంటే ఆగిపోతుంది. దొంగలు నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుస్తారు కాబట్టే ఈ తొందర.

తర్వాత బ్యాంకుకు చెప్పించండి. ఫిర్యాదు చేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశంలో ఉంది. అందుకే ఫిర్యాదు నంబర్, సమయం కాగితం మీద రాయించండి. సిమ్ తీసి మామూలు ఫోన్‌లో వేసి ##002# కొడితే, కాల్స్ ఇంకో నంబర్‌కు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే పోతుంది. వచ్చిన మెసేజ్, ఆ యాప్ పేరు, అది వచ్చిన నంబర్ ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత స్టేషన్‌కు పంపండి. ఫోన్ రీసెట్ చేయడం అన్నిటికన్నా ఆఖరి పని. ఇలా ఆగిపోయిన డబ్బును మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు కూడా. కాబట్టి "పోయింది పోయింది, ఇంక రాదు" అని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. సిగ్గుతో ఇంట్లో చెప్పుకోలేక వచ్చిన మనిషికి ఆ మాట చాలా బరువు.

ఇవన్నీ చేయడానికి టైం పడుతుందని, టైం అంటే మీకు డబ్బు అని నాకు తెలుసు. ఊరికే చేయమని అడగడం లేదు. "ఫోన్ సేఫ్టీ సెట్టింగ్, 50 రూపాయలు" అని బోర్డు పెట్టండి. టెంపర్డ్ గ్లాస్‌కు ఇస్తున్నారు, కవర్‌కు ఇస్తున్నారు, దీనికీ ఇస్తారు. 1930 కాల్‌కు మాత్రం ఏమీ తీసుకోకండి.

దసరాకు కొత్త ఫోన్ల అమ్మకాలు మొదలవుతాయి, ఆ వెంటనే పత్తి డబ్బు వస్తుంది. ఆ లోపే ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అసోసియేషన్లు కూర్చుంటే, నేనూ మా విద్యార్థులూ వస్తాం. కౌంటర్ దగ్గర చేయాల్సిన సెట్టింగులు ఒక పేజీలో తెలుగులో రాసి, బొమ్మలతో ప్రింట్ తీసి తెస్తాం. షాపులో పనిచేసే కుర్రాళ్లను తప్పక తీసుకురండి. ఫోన్ చేతిలో పట్టుకునేది ఎక్కువసార్లు వాళ్లే.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక కంప్యూటర్ లెక్చరర్